నాలుకలు కోసే శాసనం

పూర్వం చిత్రగిరి రాజ్యాన్ని గజకేసరి అనే రాజు ఏలేవాడు. తన రాబడి ఎంతో పక్కవాడికి చెప్పినవాడి నాలుక కోయాలని అతని శాసనం. కిందటి ఏడాదే ఒక కుట్టుపనివాడికి కోశారు.

ఆ ఊళ్లో నాంచారి అనే పడుచు చీరల అంచులకు నమూనాలు గీయడం నేర్చుకుంది. ఆమె గురువు ఎర్రయ్య ఆస్థానానికి గీసి గీసి చూపు పోగొట్టుకుని, కోట గుమ్మంలో అడుక్కుంటున్నాడు. ఆయన స్థానంలోకి నాంచారిని పిలిచారు.

"జీతం నువ్వే చెప్పు" అన్నాడు రాజు. "న్యాయానికి మించి అడిగావో, బొటనవేలు తీయిస్తాం."

"తక్కువ అడిగితే, ప్రభూ?"

"బతికినంతకాలం అదే."

నాంచారి గడువు అడిగి గురువు దగ్గరికి పరుగెత్తింది. "నీకెంత ఇచ్చేవారు తాతా?"

"అడక్కమ్మా. కళ్లు ఎలాగూ పోయాయి, నాలుకైనా ఉండనీ."

అద్దకం వీధిలో అడగబోతే అక్కడా తలుపులు మూశారు. ఇక అడిగి లాభం లేదనుకుని, కోట చీరలకు రంగులద్దే పోలమ్మ పక్కన కూర్చుని, "నీకు నెలకు పది వరహాలటగా పిన్నీ, అదృష్టవంతురాలివి!" అంది.

"పదా! ఏ పాపిష్టివాడు చెప్పాడే? రెండు కూడా రావు!" అనేసి, పోలమ్మ గబుక్కున నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"నేనేమీ వినలేదు పిన్నీ" అంది నాంచారి. మనుషులు నిజం దాచగలరు గానీ, అబద్ధం వింటే ఊరుకోలేరని ఆమెకు అర్థమైంది.

గడువు నాడు నిండు సభలో చేతులు జోడించింది. "మహాప్రభూ, చీరకు ఒక్క వరహా చాలు. మన చీరను ఓడ వర్తకులు పది వరహాలకు కూడా కొనడం లేదట. పాపం, తమరు మాత్రం ఎక్కణ్నుంచి ఇస్తారు?"

రాజు ముఖం జేవురించింది. "పదా? చీరకు నూరు తీసుకుంటున్నాను! అందులో ముప్పై అంచు మీది గీతకే!"

తలారి చేయి అలవాటుగా కత్తి పిడి మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది.

"అయితే చీర చీరకూ ఆ ముప్పైలో సగం నా జీతం" అంది నాంచారి. "ఇక ప్రభువులు తమ రాబడి నలుగురిలో చెప్పేశారు. శాసనం అందరికీ ఒకటేనా?"

రాజు పకపకా నవ్వాడు. నవ్వకపోతే నాలుక ఇవ్వాలి మరి! అక్కడికక్కడే శాసనం రద్దు చేసి, అడిగిన జీతమిచ్చి, శాలువా కప్పాడు.

మర్నాడు అద్దకం వీధిలో జనం నోళ్లు విప్పారు. అదే పనికి పక్కింటాయన తనకు నాలుగింతలు తెచ్చుకుంటున్నాడని, అదీ తాను ఆ వీధికి కాపురానికి వచ్చిన నాటినుంచీ అని, పోలమ్మ అప్పుడు విన్నది. ఎవరినీ తిట్టలేదు. బానలోంచి చేతులు తీసి, నీలిరంగు కారుతుండగానే కోట వైపు నడిచింది. ఆమె వెనక వీధి వీధంతా కదిలింది.