కోతపండగ నాటి పప్పు

తబితకు రూతమ్మంటే పడదు.

బైబిలు వాక్యం చెప్పడం నేర్చుకోవాలని తబిత పరంజ్యోతమ్మగారి దగ్గరికి వచ్చి ఆర్నెల్లు దాటింది. పరంజ్యోతమ్మగారు ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగి సువార్త చెప్పిన మనిషి. తల పూర్తిగా నెరిసింది. మాట తక్కువ. ఆమె దగ్గర తబిత చాలానే నేర్చుకుంది కానీ, రూతమ్మను ఓర్చుకోవడం మాత్రం చేతకాలేదు.

చర్చికి వచ్చిన మొదటి ఆదివారమే రూతమ్మ నలుగురిలో, "పుస్తకాలు మొయ్యడం తప్ప ఈ పిల్లకి పొయ్యి రాజెయ్యడం కూడా రాదంట" అని నవ్వింది. అప్పట్నుంచి ఆమె ఏం చేసినా తబిత కంటికి తప్పే కనిపించేది. సాయంత్రం కాగానే అవన్నీ అమ్మగారికి చెప్పుకునేది. అమ్మగారు వినేవారు. ఊఁ కొట్టేవారు కాదు.

ఆ ఏడు కోతపండగకు వంట రూతమ్మకు అప్పగించారు. "ఆమెకి నోరు ఆడినట్టు చెయ్యి ఆడదండీ, వద్దు" అని తబిత ఎంత చెప్పినా అమ్మగారు మాట మార్చుకోలేదు.

పండగనాడు ఆరాధన అయింది. తొలిపంట కానుకలు వేదిక ముందు పోగుపడ్డాయి. ధాన్యం, గుమ్మడికాయలు, సొరకాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. బయట పందిట్లో జనం విస్తళ్ళు వేసుకుని కూర్చున్నారు. వడ్డించబోయే ముందు సంఘపెద్ద జకరయ్య పప్పు రుచి చూశాడు. చూసి, పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"ఉప్పు కషాయం!"

తబిత కూడా ఇంత నాలిక మీద వేసుకుంది. నిజమే. కబుర్లలో పడి ఉప్పు రెండుసార్లు వేశానని రూతమ్మే ఒప్పుకుంది. ఒప్పుకుని వంటపాక వెనక్కి వెళ్ళి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"గుండిగ ఎత్తి కాలవలో పారబొయ్యండి. ఊరగాయేసుకుని తింటారు" అన్నాడు జకరయ్య.

తబిత అమ్మగారి దగ్గరికి పరిగెత్తింది. "నేను ముందే చెప్పానా లేదా అమ్మగారూ? ఆమె చేతికి గరిటె ఇవ్వొద్దన్నానా? పండగపూట పిల్లలంతా ఆకలితో మాడుతున్నారు!"

తన గొంతులో బాధ కంటే సంతోషమే ఎక్కువుందని తబితకే వినిపించింది. కాస్త సిగ్గేసింది.

పరంజ్యోతమ్మగారు లేచారు. చర్చిలోకి వెళ్ళి, కానుకల పోగులోంచి సొరకాయలు రెండు చంకల్లో పెట్టుకుని వచ్చారు.

"అమ్మా, అవి దేవుడికిచ్చినవి. వేలం వేసి చర్చికి జమ కట్టాలి" అన్నాడు జకరయ్య.

"ఆకలితో కూర్చున్నది ఎవరి పిల్లలయ్యా?"

జకరయ్య దారి ఇచ్చాడు.

అమ్మగారు కత్తిపీట వేసుకుని కూర్చున్నారు. "ఉప్పెక్కువైందని అందరం చెప్పాంగా. ఏమన్నా తగ్గిందేమో చూసిరా తబితా" అన్నారు.

తబిత తెల్లబోయింది. "చెబితే ఎలా తగ్గుతుందండీ?"

"అయితే రా. చెక్కు తియ్యి."

పక్క పొయ్యి మీద ఇంకో గుండిగ ఎక్కింది. ఎవరో ఇంటికి పోయి కందిపప్పు తెచ్చారు. పప్పూ సొరకాయ ముక్కలూ ఉప్పు లేకుండా ఉడికాయి. అందాకా పిల్లల చేత పాటలు పాడించారు. ఉడికాక ఉప్పు పప్పును అందులో కలిపి, చింతపండు పులుసు పిండి, మళ్ళీ తాలింపు పెట్టారు.

"రూతమ్మా, ఇలా రా" అని పిలిచారు అమ్మగారు. "రుచి చూసి చెప్పు."

రూతమ్మ తల వంచుకునే వచ్చింది. గరిటెతో ఇంత అరచేతిలో వేసుకుని రుచి చూసింది. "సరిపోయిందక్కా" అంది మెల్లగా.

"అయితే నువ్వే వడ్డించు."

ఏటా రెండో బంతికల్లా పప్పులో నీళ్ళు పొయ్యాల్సొచ్చేది. ఆ రోజు చివరి బంతికీ చిక్కగానే వచ్చింది. మంచం పట్టిన ముసలాళ్ళకు క్యారేజీల్లో పంపినా ఇంకా మిగిలింది. జకరయ్య మారు వడ్డించుకున్నాడు. తబిత కడుపునిండా తింది. "స్తోత్రం తండ్రీ" అనుకుంది. రోజూ అనుకునే మాటే. ఆ పూట మాత్రం రెండోసారి కూడా అనుకుంది.

పొద్దువాలాక ఇంటికి బయల్దేరుతూ అమ్మగారు రూతమ్మ భుజం మీద చెయ్యి వేసి, "వచ్చే ఏడు కూడా వంట నీదే" అన్నారు.

తబిత నాలుగడుగులు వేసి ఆగిపోయింది. "మళ్ళీ ఆమెకేనా అమ్మగారూ?"

"మనల్ని పారబొయ్యలేదుగా తల్లీ ఆ దేవుడు" అన్నారు పరంజ్యోతమ్మగారు. అని, తన దారిన తాను నడిచారు.

తబిత అక్కడే నిలబడింది. కాసేపటికి వెనక్కి తిరిగింది. వంటపాక పక్కన రూతమ్మ ఒక్కతే గుండిగలు తోముతోంది. తబిత ఆమె పక్కన గొంతుక్కూర్చుని, కాస్త పీచూ ఇంత బూడిదా చేతిలోకి తీసుకుంది.

రూతమ్మ ఓరగా చూసింది. "పీచు తడుపుకోవాలి పిల్లా. పొడి పీచుతో ఎక్కడన్నా మసి పోద్దా?"

"అలాగే పిన్నీ" అని తబిత పీచు తడుపుకుంది.