గుల్లరేవు ఓడమ్మకు సారె పెట్టే ఆచారం

గుల్లరేవు గంగమ్మ గుడికి వచ్చే భక్తులు మొదట అడిగే మాట ఒక్కటే, అమ్మవారేరీ అని. గర్భగుడిలో విగ్రహం లేదు. తూర్పు గోడకు తలుపంత కిటికీ ఉంది, అందులోంచి సముద్రం కనిపిస్తుంది. హారతి అటే ఇస్తారు. దిగులు పడకండి, మీ దండం చేరవలసిన చోటికే చేరుతుంది. గంగమ్మ నీళ్ళలో ఉంది, ఆమె ఇంట మా ఊరి ఆడపడుచు ఓడమ్మ కాపురం చేస్తోంది.

పూర్వం ఇక్కడ చేపకు కరువు లేదు. పూర్వమంటే కృతయుగం అనుకునేరు, మన తాతమ్మలు చేపల బుట్టలు మోసిన కాలమే. తరువాత ఎక్కడెక్కడి నుంచో మరబోట్లు వచ్చి సముద్రం అడుగును వలలతో గీకి గీకి చదును చేశాయి. చేపపిల్ల దాక్కోవడానికి ఒక రాయైనా మిగల్లేదు. మగవాళ్ళు పడమటి రేవులకు వలసపోదామని మూటలు సర్దుకోసాగారు. ఊరు ఖాళీ అయితే గంగమ్మకు దీపం పెట్టే దిక్కుండదని పూజారమ్మ మైలపల్లి కాసులమ్మ కుమిలిపోయింది.

ఒకనాటి మధ్యాహ్నం వలల పాకలో కునుకు తీస్తుండగా గంగమ్మ ఆమెకు కలలో కనిపించింది. "నా ఇల్లు బోసిపోయిందే. నాకో కోడలు వస్తోంది. ఏడ్చి పంపకండి, సారె పెట్టి పంపండి" అని సెలవిచ్చింది.

ఆ నెలలోనే కబురు వచ్చింది. కొలువు చాలించిన ఒక యుద్ధనౌకను సర్కారువాళ్ళు గుల్లరేవు ఎదుట ముంచుతారట. దాని మీద నాచూ గుల్లా పట్టి చేపలకు నెలవవుతుందట, ఈతగాళ్ళు దిగి చూస్తారట. ఓడ మునుగుతుంటే చూడటమే మాకు అరిష్టం, అలాంటిది ఎదురుగా నిలబడి ముంచనివ్వడమా? కులపెద్ద సూరాడ ఎర్రయ్య పడవలు అడ్డం పెడతానన్నాడు. కాసులమ్మ అతనికి తన కల చెప్పి, "మునిగిపోడం కాదు మరిదీ, అత్తోరింటికి ఎల్తంది" అంది. ఆ ఒక్క మాటతో ఊరు మెత్తబడింది.

నూనె, తీగలు తీసి శుభ్రంగా కడిగిన ఓడను లాక్కొచ్చారు. ఆడవాళ్ళు పడవల్లో వెళ్ళి దాని ముక్కుకు పసుపు రాశారు, గాజులు కట్టారు, చలిమిడి పెట్టారు. అప్పుడు అడుగు తూములు తెరిచారు. అంత ఇనుమూ పీటల మీద కూర్చునే పెళ్ళికూతురిలా నిమ్మళంగా, ఒరగకుండా దిగింది. లోపలి గాలి పెద్ద నిట్టూర్పుగా బయటికొచ్చింది. నీళ్ళు మూసుకున్నాక మొదట ఏడ్చింది ఎర్రయ్యే.

కొంతకాలానికి ఓడ చుట్టూ చిన్న చేపలు మూగాయి. పొయ్యి వెలగని ఇళ్ళవాళ్ళకు అది చూస్తూ ఆగడం మాటలు కాదు.

"ఒదినా, పిల్లలు పస్తులుంటన్నారు. ఒక్క వల ఏసుకుందుం" అని ఎర్రయ్య బతిమాలాడు.

"బిడ్డ పుట్టకుండా కూతురింట్లో కూడు తింటామేటి?" అంది కాసులమ్మ.

కూతురికి సంతానం కలిగే దాకా కన్నవాళ్ళు ఆమె ఇంట చెయ్యి కడగకపోవడం మన ఇళ్ళలో ఉన్నదే. ఊరంతా గంజి తాగి ఆగింది. వల వేయబోయిన పొరుగు రేవులవాళ్ళను బతిమాలో తిట్టో వెనక్కి పంపింది. వాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనీ.

చివరికి గంజీ కరువై, మూటలెత్తే రోజు వచ్చింది. పోయేముందు ఆడపడుచుకు చెప్పి వెళ్దామని ఎర్రయ్య ఈతగాళ్ళతో పాటు గాలి సిలిండరు కట్టుకుని దిగాడు. పచ్చటి మసకలో ఓడ కనబడగానే చేతులు జోడించాడు. ఇనుము కనబడకుండా రంగురంగుల గుల్ల పట్టింది. ఫిరంగి గొట్టం నోట్లో, ఒకప్పుడు నిప్పు కక్కిన చోట, ఒక చేప గుడ్లు పెట్టి రెక్కలతో విసురుతూ కాపలా కాస్తోంది. ఎర్రయ్య పైకి తేలి పడవ అంచు పట్టుకుని, అందులో కూర్చున్న కాసులమ్మతో "ఒదినా, మన పిల్ల తల్లయింది" అన్నాడు.

మూటలు విప్పారు. అటు తరువాత చేప ఓడ దాటి ఊరి వలల దాకా రాసాగింది.

నేటికీ ఏటా శ్రావణంలో ఊరు సారె తీస్తుంది. పసుపు, పూలు ఈతగాళ్ళు కిందికి తీసుకెళ్తారు, ఫిరంగిని మాత్రం తాకరు. ఆ సారెలోంచి చిటికెడు పసుపు ఇంటికి తీసుకెళ్ళిన దంపతుల ఒడి నిండుతుందని నమ్మకం. ఓడ మీద వల మాత్రం ఇప్పటికీ వేయరు. బిడ్డలు పుట్టారు కదా, ఇంకా అడ్డేమిటని ఒక భక్తుడు ఇప్పటి పూజారమ్మ నూకాలును అడిగాడు.

"దానికి ఏటేటా పురుడే బాబూ. పురిటింట్లో ఎవరైనా వల ఏస్తారా?" అంది నూకాలు.