పడవకొక మడచెట్టు

అనగనగా ఒక ఉదయం. మంచు విడిపోయింది. ఎండ ఇంకా ముదరలేదు, గాలి మెత్తగా ఉంది. సముద్రం కాలువలోకి వచ్చే చోట, మడ అడవి పక్కన, ఒక చేపలవాళ్ళ పల్లె ఉండేది.

ఆ పల్లెలో ఒక ఆచారం. కొత్త పడవను నీళ్ళలోకి దింపిన రోజున ఆ ఇంటివాళ్ళు కాలువ గట్టున ఒక మడ మొలక నాటాలి. అది ఆ పడవ చెట్టు. తుఫాను వస్తే పడవను దానికే మోకుతో కట్టి, లోపల ఒక మనిషి కూర్చుని నీళ్ళు తోడేవాడు. మొలక ఎదిగేదాకా తాతల నాటి చెట్టొకటి అరువు.

పొయ్యిలోకి రాలిన కొమ్మలే ఏరుకునేవారు. పచ్చిచెట్టు మీద కత్తి పడేది కాదు.

ఆ ఉదయం పట్నం నుంచి బొగ్గుల వర్తకుడు విశ్వేశం వచ్చాడు.

"ఇంత సొమ్ము బురదలో నిలబెట్టుకుని చేపల వెంట తిరుగుతారేం? సముద్రం వైపు చెట్లు ఎవరివీ కావు కదా. అవి నాకిచ్చెయ్యండి" అన్నాడు.

గంగన్న భార్య నూకాలమ్మ ఒక్కతే అడ్డుపడింది. "ఎవరివీ కాకపోతే అందరివీ అనే కదా బాబూ."

"వదినకి చెట్లతో చుట్టరికం" అన్నాడు ఆమె మరిది సింహాద్రి. అందరూ నవ్వారు. చెట్లు పోయాయి. ఇళ్ళలోకి కొత్త వలలు వచ్చాయి.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం నూకాలమ్మ పుల్లలు ఏరుతుంటే వేళ్ళ సందున ఒక ముసలి పీత పలికింది.

"అమ్మాయీ, ఈ చెట్లు పైకి విడివిడిగా కనిపిస్తాయి. కింద మాత్రం ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకునే ఉంటాయి. నా ఇల్లు అక్కడే, నాకు తెలుసు."

ఆమె ఆ మాట పల్లెలో చెప్పింది.

"పక్కకి నడిచే పీతా మనకి దారి చెప్పేది?" అన్నాడు సింహాద్రి. మళ్ళీ నవ్వారు.

విశ్వేశం రెండోసారి వచ్చాడు. "పాత పడవలు ఏనాడో విరిగిపోయాయి. వాటి చెట్లెందుకు మీకు?" అన్నాడు. నూకాలమ్మ నోరు తెరవబోయింది. పెద్దకొడుకు పోలయ్య చిరిగిన వల కుట్టుకుంటూ కనిపించాడు. వాడికి కొత్త వల వస్తుందని ఊరుకుంది. తాతల నాటి చెట్లు పోయాయి.

మూడోసారి వచ్చాడు. "మీ మీ చెట్లు మీరే ఉంచుకోండి. నడుమ వాటంతట అవే మొలిచినవి ఇస్తే చాలు."

ఎవరి చెట్టు వాళ్ళకి ఉంది. ఇంకేం భయం అనుకున్నారు. ఈసారి నూకాలమ్మే ముందుగా చెయ్యి చాపింది. చిన్నకొడుకు చినబాబు వేరే పడవ కావాలని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడు.

పడవ వచ్చింది. చినబాబు మురిసిపోతూ మొలక నాటాడు. అరువిచ్చే చెట్టు మాత్రం గట్టున లేదు.

కార్తీకంలో తుఫాను వచ్చింది. మిట్టమధ్యాహ్నమే చీకటి పడింది. పడవలన్నీ కాలువలోకి పరుగెత్తుకొచ్చాయి. ఎవరి చెట్టుకు వాళ్ళు కట్టుకున్నారు. చినబాబు మొలక ఇంకా మోకాలెత్తు లేదు.

"నాన్నా, నీ చెట్టుకే కట్టుకుంటాను."

"కట్టుకోరా. నీళ్ళు తోడటం మానకు" అన్నాడు గంగన్న.

అలను విరగ్గొట్టడానికి ముందు వరస లేదు. పట్టుకుందామంటే వేళ్ళకి పక్క వేళ్ళు లేవు. ఒంటరి చెట్లు ఒకటొకటిగా బురదలోంచి పెళ్ళగిలాయి. కట్టిన పడవలను వెంట లాక్కుని సముద్రంలోకి పోయాయి.

ఒక్క మోకూ తెగలేదు. అందరూ గట్టిగానే కట్టుకున్నారు.

మర్నాడు విశ్వేశం మళ్ళీ వచ్చాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన మానులను చూశాడు. "ఎలాగూ పడిపోయినవే కదమ్మా. ఊరికే కుళ్ళిపోతాయి. ఇచ్చేస్తే మీకూ నాలుగు డబ్బులు."

ఈసారి నవ్వే మనుషులు లేరక్కడ.

"వాటికి ఇంకా మావాళ్ళ మోకులు ఉన్నాయి బాబూ" అంది నూకాలమ్మ. "నువ్వు వెళ్ళు."

అతను తలవంచుకుని వెళ్ళిపోయాడు. ఆమె ఒడ్డునే నిలబడింది. బురదలో పడుతూ లేస్తూ ఇంకా ఒకరూ ఇద్దరూ వస్తున్నారు. వచ్చిన ప్రతివాడినీ ముట్టుకుని లెక్కపెట్టుకుంది.

గంగన్న వచ్చాడు. పోలయ్య వచ్చాడు. సింహాద్రి, కాలు విరిగినా, వచ్చాడు. పక్కింటి ఎర్రయ్య వచ్చాడు. ఎర్రయ్య తమ్ముడు వచ్చాడు.

అక్కడ ఆగింది. కాలువ వైపు చూసింది. 'గంగన్న వచ్చాడు' అంటూ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

పిల్లలూ, ఉండవలసినది ఉండనిచ్చి తీసుకున్నదే లాభం. దాన్నీ అమ్ముకుంటే చేతికొచ్చేది లాభం కాదు, మనవాళ్ళ వెల.