చాలు అన్న చిన్నకోడలు

అనగనగా ఒక ఊళ్ళో అంటే విన్న ఊరే అనుకుంటారు. అందుకని అనగనగా ఒక తలలో. ఆ తల ఉల్లాసవర్మ అనే రాజుగారిది. అందులో బుద్ధమ్మ అనే అత్తగారూ, ముగ్గురు కోడళ్ళూ కాపురం ఉండేవారు. డాక్టర్లు ఆ కోడళ్ళని డోపమైన్, ఎండార్ఫిన్, సెరటోనిన్ అంటారు. నాకు నోరు తిరగదు. డోపమ్మ, ఎండమ్మ, సెరటమ్మ అంటాను. ఊ కొడుతున్నారా?

ఇంటిపని విందు పనిలా పంచుకున్నారు. పెద్దకోడలు డోపమ్మది పిలుపు. బూరెల వాసన రాగానే అదిగో, లే, పద అని రాజుని పరుగెత్తించేది. రెండో కోడలు ఎండమ్మది వడ్డన. నాలుక మీద రుచి వేసేది, కాలికి దెబ్బ తగిలితే నొప్పి మీద ఊదేది. చిన్నకోడలు సెరటమ్మది తాంబూలం. తిన్నాక మెల్లగా వచ్చి, చాలు, హాయిగా ఉంది అని చెవిలో చెప్పి మనసు సర్దేది. పిలుపు, వడ్డన, తాంబూలం. మళ్ళీ పిలుపు, వడ్డన, తాంబూలం. రాజ్యం బాగానే నడిచింది.

అయితే రాజు తెలివైనవాడు. అక్కడే వచ్చింది చిక్కు. బూరెలు మూకుట్లోంచి దిగగానే గంట కొట్టడం ఆ కోటలో ఆనవాయితీ. బూరె నోట్లో పడ్డప్పటికన్నా గంట విన్నప్పుడే తన గుండె ఎక్కువ ఎగురుతోందని ఆయన కనిపెట్టాడు. సుఖమంతా గంటలోనే ఉందని తేల్చి, పొద్దస్తమానం కొట్టమన్నాడు. ఇంత గొప్ప ఆలోచన తమకెందుకు రాలేదా అని మంత్రులు సిగ్గుపడ్డారు. పడ్డట్టు కనిపించారు.

గంట మోగితే డోపమ్మ లేవాలి కదా. మోగింది, లేచింది, అరిచింది. మోగింది, లేచింది, అరిచింది. చివరికి గొంతు బొంగురుపోయింది. చిన్న గంట చప్పగా ఉందని పెద్ద గంట తెచ్చారు. రాజు ఈ బూరె తింటూ రాబోయే గంటకి చెవి రిక్కించేవాడు. ఎండమ్మ ఏం వడ్డించిందో ఆయనకి తెలియదు. సెరటమ్మ తాంబూలం పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. విస్తరి ముందునుంచి లేవనివాడికి తాంబూలం ఎలా ఇస్తుంది? రాజుకి నిద్ర పోయింది, నవ్వు పోయింది, చిరాకు మిగిలింది.

బుద్ధమ్మ చూసింది. పెద్దది అరిచి చస్తోంది, చిన్నది ఊరికే నిలబడింది. చిన్నదాన్ని పెట్టె సర్దుకుని పుట్టింటికి పొమ్మంది. సెరటమ్మ పుట్టిల్లు ఎక్కడనుకున్నారు? కడుపులో. ఆవిడ చుట్టాలు చాలామంది అక్కడే. కానీ కడుపుకీ తలకీ మధ్య ఆ వంశానికి రాకపోకలు లేవు. గడప దాటితే చిన్నకోడలికి ఈ ఇల్లూ లేదు, ఆ ఇల్లూ లేదు.

అయినా ఏడవలేదు. పెట్టె సర్దుకుంది.

"వెళ్తాను అత్తయ్యా. ఇల్లొకసారి ఊడ్చి వెళ్తాను. ఆ గంట కాసేపు ఆపించండి, దెబ్బ దెబ్బకీ దుమ్ము రాలుతోంది."

అత్తగారికీ తల పగిలిపోతోంది. రాజు నోట ఆపండి అనిపించింది.

గంట ఆగగానే రాజు కనపడ్డవాళ్ళందరినీ తిట్టాడు. తిట్టడానికి ఎవరూ దొరక్క తోటలోకి పోయి ఎండలో నడిచాడు. చెమట పట్టింది, కాళ్ళు లాగాయి, ఎండమ్మకి పని దొరికింది. నడిచి నడిచి ఆకలేసింది. వచ్చి బూరె కొరికాడు. అందులో యాలకులు ఉంటాయని అప్పుడు గుర్తొచ్చింది. ఇంకోటి తిని చెయ్యి కడిగేసుకున్నాడు.

"చాలు," అన్నాడు.

రాజుకి జబ్బు చేసిందని మంత్రులు వైద్యుడికి కబురంపారు.

తలలో బుద్ధమ్మ ఆ మాట ఎవరన్నారని అడిగింది. చీపురు మూల పెడుతూ సెరటమ్మ, నేనే అత్తయ్యా, ఊడ్వడం అయింది, ఇక వెళ్ళొస్తాను అంది.

"వెళ్తే తాంబూలం ఎవరిస్తారు, నేనా? పెట్టె లోపల పెట్టు."

అత్తగారి భాషలో క్షమాపణ అంటే అదే. డోపమ్మ అప్పటికే గుర్రుపెట్టి నిద్రపోతోంది. పూటకి ఒక్క గంట చాలన్నది తాను కనిపెట్టిన సంగతేనని రాజు చాటింపు వేయించాడు. మంత్రులు మళ్ళీ సిగ్గుపడ్డారు. అందరూ సుఖంగా ఉన్నారు.

ఏమిటే లాస్యా, ఇంకో కథా? అడిగింది నువ్వు కాదు, డోపమ్మ. పాపం, చిన్నకోడల్ని గుమ్మంలో నిలబెట్టకు. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.