ఓడిపోయే వేషం

పైడినాయుడికి ఓడిపోవడం చేతకాలేదు. అతని ఇబ్బంది అంతా అదే.

విజయనగరంలో కర్రసాము నేర్చి, మద్రాసు వచ్చి, ఉస్తాద్ జమాలుద్దీన్ దగ్గర అయిదేళ్ళు కత్తి పట్టాడు. ఉస్తాద్ జానపద సినిమాలకి స్టంట్ మాస్టర్. మూకీల కాలం మనిషి. పైడినాయుడు ఆయన్ని వెతుక్కుంటూ రావడానికి కారణం కూడా ఒక మూకీయే. ఎనిమిదేళ్ళ వయసులో డేరా హాల్లో 'బురుజు వీరుడు' ఏడుసార్లు చూశాడు. హీరో దేవరాజ్ కోటగోడ మీంచి దూకి, గడ్డపు సేనాపతిని మెట్ల మీద ఓడిస్తుంటే, ఊళ్ళో పిల్లలందరూ మర్నాడే కర్రలు పట్టారు. పైడినాయుడు మళ్ళీ కింద పెట్టలేదు.

ఆ గడ్డపు సేనాపతి ఉస్తాదే. ఆ సంగతి అతనికి మద్రాసు వచ్చాక తెలిసింది. తెలిసినా పెద్దగా పట్టించుకోలేదు. అతని కళ్ళలో ఉన్నది దేవరాజ్.

ఇప్పుడు అతనికి మొదటి పెద్ద వేషం వచ్చింది. అదీ సేనాపతే. తొమ్మిదో వేటుకి కత్తి వదిలేసి మెట్ల మీంచి దొర్లిపడాలి.

హీరో శ్యామలమూర్తి నాటకాల నుంచి వచ్చినవాడు. పద్యం ఎత్తుకుంటే హాలు అదిరిపోతుంది కానీ కత్తి పట్టుకుంటే గరిటె పట్టుకున్నట్టుంటుంది. రిహార్సల్లో మూడుసార్లు కత్తి కలిపారు. మూడుసార్లూ నాలుగో వేటుకే శ్యామలమూర్తి కత్తి ఎగిరి అవతల పడింది. లైట్లవాళ్ళు నవ్వారు. శ్యామలమూర్తి ముఖం మాడిపోయింది.

"రేపు పొద్దున ఇలాగే జరిగితే మీవాణ్ణి తీసేసి వేరేవాణ్ణి పెట్టుకుంటాను, ఉస్తాద్‌గారూ," అన్నాడు డైరెక్టర్ భక్తవత్సలం. "తరవాత నన్ననుకోవద్దు."

పైడినాయుడు గురువు దగ్గరికి వచ్చి తలవంచుకు నిలబడ్డాడు. తల వంచాడే గాని గొంతులో బింకం తగ్గలేదు.

"కత్తి పట్టడం రానివాడి చేతిలో ఓడిపొమ్మంటే నా చెయ్యి ఒప్పుకోవడం లేదండీ. దేవరాజ్‌గారి లాంటివాడైతే సంతోషంగా ఓడిపోతాను."

ఉస్తాద్ చుట్ట వెలిగించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన సెట్లోకి వచ్చి పైడినాయుడి చేతిలో కత్తి తీసుకున్నాడు. అరవై దాటిన మనిషి. ఎడమ మోకాలు సరిగ్గా వంగదు. మెట్ల మధ్యలో నిలబడి శ్యామలమూర్తిని పిలిచాడు.

"రండి బాబూ. వేట్ల లెక్కలు మరిచిపోండి. నామీద కోపం తెచ్చుకోండి, చాలు."

శ్యామలమూర్తి బెరుగ్గా మొదటి వేటు వేశాడు. ఆలస్యంగా వచ్చిన వేటు. ఉస్తాద్ కత్తి దానికోసం ఆగి, ఎదురెళ్ళి తగిలింది. ఖణేల్మంది. ఆ దెబ్బకి తట్టుకోలేనట్టు ఉస్తాద్ ఒక మెట్టు కిందికి దిగాడు.

శ్యామలమూర్తి కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకో వేటు వేశాడు. ఉస్తాద్ ఇంకో మెట్టు దిగాడు. వేటు గురితప్పి పక్కకి పోతే, తప్పించుకోబోయినట్టుగా తనే ఆ పక్కకి ఒరిగి అందుకున్నాడు. చూస్తూ చూస్తూ ఉండగానే శ్యామలమూర్తి నడుం నిటారైంది. తడబడే అడుగు ఉరికే అడుగైంది. తొమ్మిదో వేటు కత్తికి తగిలీ తగలకుండా తగిలింది. ఉస్తాద్ చేతిలోంచి కత్తి గిర్రున తిరుగుతూ పోయి స్తంభానికి కొట్టుకుంది. ముసలాయన అయిదు మెట్లు దొర్లి కింద పడ్డాడు.

నిన్న నవ్విన లైట్లవాళ్ళే చప్పట్లు కొట్టారు. భక్తవత్సలం పరుగెత్తుకెళ్ళి శ్యామలమూర్తిని కావలించుకున్నాడు.

పైడినాయుడు కూడా మొదట హీరోనే చూశాడు. నాలుగో మెట్టు దగ్గర అతని చూపు గురువుగారి పాదాల మీదికి వెళ్ళింది. ఆ తరవాత అక్కణ్ణించి కదల్లేదు.

పరుగున వెళ్ళి ఆయన్ని లేపి కూచోబెట్టాడు. ఆయన మోకాలు ఒత్తుతూ, మెల్లగా అన్నాడు.

"మిమ్మల్నెవరూ చూడలేదండీ."

"నువ్వు చూశావుగా."

పైడినాయుడు మోకాలు ఒత్తుతూనే అడిగాడు.

"అయితే... దేవరాజ్‌గారు?"

"పెద్దమనిషి. కత్తి ఏ చేత్తో పట్టాలని నన్నే అడిగాడు." ఉస్తాద్ చిన్నగా నవ్వాడు. "అది మాటల్లేని బొమ్మ, బేటా. ఆయన వీరుడని చెప్పడానికి పద్యం లేదు, డైలాగ్ లేదు. నేను వెనక్కి వేసిన అడుగే చెప్పాలి."

పైడినాయుడి చెయ్యి మోకాలి మీద ఆగిపోయింది. డేరా హాల్లో ఈలలు వేసిన పిల్లలంతా ఒక్కసారి కళ్ళముందు కదిలారు.

షాట్‌కి పిలుపొచ్చింది. పైడినాయుడు లేచి, మెట్లెక్కి, శ్యామలమూర్తికి నమస్కారం పెట్టాడు.

"కోపం తెచ్చుకోండి బాబూ," అన్నాడు.

ఒక్క టేకులో అయిపోయింది. మెట్లన్నీ దొర్లి పైడినాయుడు నేలమీద వెల్లకిలా పడ్డాడు. యూనిట్ అంతా శ్యామలమూర్తి చుట్టూ మూగింది. ఎవరో దండ తెమ్మని అరుస్తున్నారు. మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు వస్తున్నా, పైడినాయుడికి ఛాతీ నిండిపోయినట్టుంది. ఎన్ని పందేలు గెలిచినా అతనికలా అనిపించలేదు.

ఉస్తాద్ కుంటుకుంటూ వచ్చి చెయ్యి అందించాడు. లేపి, అతని వీపు మీద దుమ్ము తనే దులిపాడు.

"ఇంత బాగా ఓడినవాణ్ణి ఇదివరకు ఒక్కణ్ణే చూశాను," అన్నాడు. "అదీ తెరమీద."

ఎవరని పైడినాయుడు అడగలేదు. వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు.