ముప్పై ఏడో పాఠం

రేవులో గుర్రాలు దించే అరబ్బులతో మాట్లాడేందుకు రాజుగారు అశ్వశాల పనివాళ్లకు అరబీ చెప్పిస్తున్నారు. నెలలో మాట్లాడలేనివాళ్లకు కొలువు పోతుంది. మార్కండేయ పండితుడి పుస్తకంలో రోజుకో పాఠం. మొదట నక్షత్రాల పేర్లు. గడ్డీ నీళ్లూ ముప్పై ఏడో పాఠంలో.

"అప్పటికి మా ఆయన కొలువు పోయి వారమవుతుంది. వరుస మార్చండి పండితులవారూ," అంది పూటకూళ్లిల్లు నడిపే పోలాంబ.

"వరుస తప్పితే విద్య రాదు."

మర్నాడు మధ్యాహ్నం పండితుడు ఆకలితో ఆమె ఇంటికే భోజనానికొచ్చాడు. పోలాంబ విస్తరి వేసి ఊరుకుంది. ఆయన పీటమీద అటూ ఇటూ కదిలాడు, వంటింట్లోకి తొంగిచూశాడు.

"అన్నమేదమ్మా?"

"ఈరోజు విస్తరేనండి. రేపు ఉప్పు. వరుసలో అన్నం ముప్పై ఏడో రోజు."

పండితుడు పుస్తకమూ గంటమూ తెప్పించుకున్నాడు. అన్నం చల్లారకముందే గడ్డీ నీళ్లూ మొదటి పాఠమయ్యాయి.