గంగోత్రికి పది బంతులు

భూమన్న సారును మైదానంలో ప్రశ్న అడిగితే జవాబు మైదానంలో దొరికేది కాదు. ఆయన దగ్గర సాఫ్ట్‌బాల్ నేర్చిన పిల్లలందరికీ ఇది తెలిసిన సంగతే. అడిగినవాళ్లను వెంటబెట్టుకొని ఎక్కడికో నడిపించేవాడు, అక్కడ ఏదో ఒక పనికి అప్పగించేవాడు, తాను మాత్రం తీరిగ్గా ఓ గట్టు చూసుకొని కూర్చునేవాడు. ఇలాంటి గురువులు శిష్యుల ప్రాణం తోడేస్తారు. అయినా పిల్లలు ఆయన్నే అడిగేవారు.

గంగోత్రి అడిగేనాటికి సెలక్షన్లకు ఒక్క రోజే గడువుంది.

"సార్, బంతి బ్యాట్ దాకా ఎప్పుడొస్తదో ఎట్ల తెలుస్తది?" అంది.

ఆ పిల్లకు పదహారు నిండాయి. పదిహేడేళ్ల లోపువారి జట్టులో చేరడానికి ఇదే ఆఖరు అవకాశం. ఆర్మూరు దగ్గర ఆమె ఉంటున్న క్రీడా హాస్టల్లో ఒక నియమం ఉంది. ఆ వయసుకు రాష్ట్ర జట్టులోకి రానివాళ్లు వేసవి సెలవులకు ఇంటికి వెళ్తే మళ్లీ రానక్కర్లేదు. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు అన్నం సయించడం లేదు. బలానికేమీ కొదవ లేదు. నిలువు గొట్టం మీద బంతి పెడితే కంచె అవతలి పసుపు చేలో పడేటట్టు కొట్టేది. కానీ ఎదురుగా పిచర్ నిలబడి, చేయి గిర్రున తిప్పి, నడుము పక్కనుంచి బంతి వదిలితే మాత్రం కథ మారిపోయేది. ఒకసారి బ్యాట్ ముందే వెళ్లిపోయేది. ఇంకోసారి బంతి వెనకనున్న క్యాచర్ చేతిలో పడ్డాక తీరిగ్గా తిరిగేది.

లోపం ఎక్కడుందో సారుకు తెలుసు. గంగోత్రి చిన్నప్పటినుంచి బడి డ్రిల్లుకు లీడరు. పంద్రాగస్టు నాడు ఆమె "ఏక్, దో, తీన్" అంటే మూడు వందల జతల చేతులు లేచి దిగేవి. బ్యాట్ పట్టినా లోపల అదే లెక్క నడిచేది. ఏక్‌కు కాలు, దోకు నడుము, తీన్‌కు దెబ్బ. గొట్టం మీది బంతి పాపం ఆ ఆజ్ఞకు కట్టుబడి కూర్చునేది. మనిషి వేసిన బంతికి అంత భయభక్తులు ఎక్కడివి?

సారు ఇదేమీ చెప్పలేదు. "బ్యాట్ ఆడ పెట్టి రా," అన్నాడంతే.

హాస్టల్ వెనక సాయిరెడ్డి పుచ్చకాయ తోట కోతకొచ్చింది. చేలోనుంచి రోడ్డు మీది లారీ దాకా కూలీలు బారుగా నిలబడి కాయలు విసురుకుంటున్నారు. పక్కవాళ్లు విసిరింది అందుకోవడం, ఆ ఊపులోనే అవతలివాళ్లకు విసరడం, మళ్లీ ఇటు తిరగడం. పొద్దు వాలేలోగా లారీ కదలాలి, బారులో ఒక మనిషి తక్కువ పడింది. సారు ఆ ఖాళీలో గంగోత్రిని నిలబెట్టి, కాలువ గట్టు మీద చతికిలబడ్డాడు.

ఆమెకు కాయ అందించే మనిషి పోసాని. యాభై దాటిన ఆడమనిషి, చేతులు మాత్రం ఇనప చేతులు. పలకరింపు లేదు, హెచ్చరిక లేదు. ఐదు కిలోల కాయ వచ్చి గంగోత్రి భుజానికి తగిలి, కిందపడి రెండు చెక్కలయింది.

"ఎవర్ని నిలవెట్టినవ్ సారూ? నా పంటంత నేలపాలు జేస్తవా?" అని సాయిరెడ్డి లారీ మీదినుంచి అరిచాడు.

సారు వినపడనట్టే కూర్చున్నాడు. రెండో కాయ గంగోత్రి వేళ్లను వెనక్కి విరిచినంత పని చేసింది. ఎలాగో పొట్టకు అదుముకొని అవతలికి తోసింది. రేపు బ్యాట్ పట్టాల్సిన వేళ్లివి. ఈ ముసలాయనకు మతిగానీ పోయిందా అని ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. కానీ ఏడవడానికి తీరిక లేదు, మూడోది వస్తోంది.

అప్పుడు తనకు తెలిసిన విద్య బయటికి తీసింది. పోసాని విసురుకూ విసురుకూ మధ్య ఎడం పట్టుకుంది. ఏక్, దో, తీన్. కాయ వచ్చి చేతుల్లో పడింది. ఏక్, దో, తీన్. మళ్లీ పడింది. అలా ముప్పై కాయలు దాటించాక గట్టువైపు గర్వంగా ఓ చూపు విసిరింది. సారు చెప్పులోని రాయి దులుపుకుంటున్నాడు.

అంతలో పోసాని కొంగు జారింది. ఆమె ఆగి ఎగదోపుకుంది. ఎంతసేపు, ఒక్క క్షణం. తీన్‌కు గంగోత్రి చేతులు చాచింది, అందుకున్నట్టే ఊగింది, అవతలికి తిరిగింది కూడా. చేతుల్లో ఏమీ లేదు. పక్క కూలీ ఫక్కున నవ్వేలోగా వెనకనుంచి కాయ వచ్చి ఆమె పాదం పక్కనే పగిలి, ఎర్రటి గుజ్జు మోకాళ్ల దాకా చిందింది. బారు బారంతా ఆగిపోయింది. సాయిరెడ్డి లారీ దిగి చరచరా వస్తున్నాడు.

పోసాని అతన్ని చేత్తోనే ఆపింది. గంగోత్రిని మొదటిసారి ఎగాదిగా చూసింది.

"ఏం లెక్కవెడుతున్నవే బిడ్డా? కాయ ఇసిరేది నేను. నన్ను సూడు."

చూసింది. వంగేముందు పోసాని ఊపిరి పీల్చుకుంటోంది. కాయ పెద్దదైతే ఎడమ మోకాలు ముందుగా మడుస్తోంది. చిన్నదైతే మోకాలి జోలికే పోదు, భుజం ఒక్కటే ఊగుతోంది. ఆమె వంగినప్పుడు గంగోత్రి కూడా వంగింది. ఆమె ఊగినప్పుడు తానూ ఊగింది. కాయ గాల్లోకి లేచేసరికే చేతులు దారిలో ఉన్నాయి. ఆమె చెమట తుడుచుకుంటే తానూ ఆగింది. లారీ నిండేదాకా మరో కాయ నేల తాకలేదు. సారు లేచి దుమ్ము దులుపుకొని "పోదాం పా" అన్నాడు.

మర్నాడు కరీంనగర్ మైదానంలో సెలక్షన్లు. ముగ్గురు సెలక్టర్లు కాగితాలు పట్టుకొని కూర్చున్నారు. ఒక్కొక్కరికి పది బంతులు, వాటిలో నాలుగు శుభ్రంగా తగిలితేనే పేరు రాస్తామని ముందే చెప్పేశారు. బంతులు వేసేది వేరే జిల్లానుంచి వచ్చిన లిఖిత అనే పొడుగాటి పిల్ల. పిచర్‌గా ఆమె ఎంపిక కూడా ఈ బంతులతోనే తేలాలి.

భయం వేస్తే మనసు పాత అలవాటునే పట్టుకుంటుంది. గంగోత్రి లోపల ఏక్, దో మొదలైంది. మొదటి బంతి పోయింది. రెండు, మూడు, నాలుగు కూడా పోయాయి. బ్యాట్‌కు గాలి తప్ప ఏదీ తగల్లేదు. మిగిలినవి ఆరు, కావాల్సినవి నాలుగు. హాస్టల్లో మంచం కింద తన పెట్టె కళ్ల ముందు ఆడింది. తాను నిలబడ్డ గీత బయటికి అడుగు వేసి, అరచేతులు ప్యాంటుకు తుడుచుకొని తలెత్తింది. అప్పుడు కనిపించింది లిఖిత.

పెదవి కొరుక్కుంటోంది. ఊపిరి పీల్చి, బిగబట్టి, ఆ తర్వాతే చేయి తిప్పుతోంది. ఆ చేయి పైకి లేస్తుండగా గంగోత్రి బరువు వెనక కాలిమీదికి తెచ్చుకుంది. ఆ అడుగు పడుతుండగా తన అడుగూ వేసింది. ఐదో బంతి బ్యాట్ అంచుకు తగిలి పక్క గీత అవతల పడింది, లెక్కకు రాలేదు. ఆరోది పిచర్ తలమీదుగా దూసుకుపోయింది. ఏడోది కూడా. ఎనిమిదో బంతికి చేయి అదే వేగంతో తిరిగింది కానీ అడుగు పొట్టిగా పడింది, నిదానపు బంతి. గంగోత్రి నడుమును బిగించి ఒక్క రెప్పపాటు ఆగి కొట్టింది. మూడయ్యాయి. తొమ్మిదోది తప్పింది.

ఇక ఒక్కటే. లిఖిత బంతిని ఇటూ అటూ తిప్పుతోంది, భుజాలు జారిపోయాయి, ఊపిరి పట్టుకుందామంటే అందడం లేదు. ఆమె వేయడానికి ఎంతసేపు పట్టిందో గంగోత్రి అంతసేపూ ఆగింది. చేయి తిరిగింది. బంతి వదిలిన చప్పుడు, తగిలిన చప్పుడు, వెంటనే అవతలి ప్రహరీ గోడ చప్పుడు.

సాయంత్రం పేర్లు చదివారు. గంగోత్రి పేరు వచ్చింది. లిఖిత పేరు రాలేదు.

సారు దగ్గరికి పరుగెత్తుకొచ్చిన పిల్ల ఆయన కాళ్లకు మొక్కి లేచింది గానీ, ముఖంలో అనుకున్నంత సంతోషం లేదు. నీళ్ల నల్లా దగ్గర లిఖిత బూట్లు విప్పి పక్కన పెట్టుకొని, మోకాళ్లలో తల పెట్టుకొని ఏడుస్తోంది.

"ఆఖరు బంతికి ఆమెకు ఊపిరాడుతలేకుండె సార్. నాకు కనవడ్డది. అందుకే కొట్టగలిగిన," అంది గంగోత్రి. తల దించుకొని, "ఇప్పుడు ఆమె దిక్కు సూడ బుద్ధయితలేదు," అంది.

భూమన్న సారు నల్లావైపు చూశాడు.

"మనిషిని సూస్తెనే బంతి తగిలింది గద బిడ్డా," అన్నాడు. "ఇగ సూడకుంట ఎట్లుంటవ్?"